ఐదు సెకన్ల ఆలస్యం
పుణె జిల్లా ఖోడద్‌లో టమాటా చేల మధ్య నిలబడ్డ డిష్‌లు ఆకాశంలోని రేడియో మెరుపులను పట్టుకుంటున్నాయి. వాటికి జతగా ఎక్స్-కిరణాలు వస్తాయా అన్నది మాత్రం ఇంకా తేలలేదు

పుణె నుంచి నాసిక్ వెళ్లే రహదారి మీద చాకణ్ ఫ్యాక్టరీలు, వాటి లారీలు వెనకబడేదాకా ప్రయాణం సాగుతున్నట్టే ఉండదు. రాజ్‌గురునగర్, మంచర్ దాటాక చేలు రోడ్డు దగ్గరికొస్తాయి. దాదాపు 80 కిలోమీటర్ల దగ్గర నారాయణగావ్. మహారాష్ట్రలో ఈ ఊరి పేరు చెబితే రైతులకు టమాటా మార్కెట్ గుర్తొస్తుంది, పెద్దవాళ్లకు తమాషా గుర్తొస్తుంది. తమాషా రంగాన్ని ఏలిన విఠాబాయి ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా మోసింది. ఇప్పటికీ గుడిపాడ్వా వస్తోందంటే తమాషా బృందాలు ఇక్కడ గుడారాలు వేసుకుని కూర్చుంటాయి. జాతర చేయించే ఊళ్ల పెద్దలు వచ్చి, బేరమాడి, బయానా ఇచ్చి వెళతారు.

డోలకీ మోతకు పెట్టింది పేరైన ఈ ఊరికి తూర్పున పది కిలోమీటర్ల దూరంలో ఖోడద్ ఉంది. అక్కడ ఉన్న సంస్థ నిశ్శబ్దం మీద బతుకుతోంది. అయితే ఆ నిశ్శబ్దం చెవులకు సంబంధించింది కాదు. దానికి డోలకీతో పేచీ లేదు, జేబులోని ఫోనుతోనే పేచీ. చంద్రుడి మీద ఒక మొబైల్ ఫోను పనిచేస్తూ ఉంటే, ఖోడద్ పరికరాలకు అది ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన రేడియో వస్తువుల్లో ఒకటిగా కనిపిస్తుంది. ఆవరణలోకి అడుగుపెట్టేవారిని ఫోన్లు ఆపేయమని ఎందుకు అంటారో ఈ ఒక్క పోలికతో అర్థమవుతుంది.

జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్, పొట్టిగా జీఎంఆర్‌టీ, అంటే ఒక టెలిస్కోపు కాదు. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం ఉన్న 30 డిష్‌లు. వీటిలో 14 ఖోడద్ దగ్గర చదరపు కిలోమీటరు మేర గుంపుగా ఉంటాయి. మిగతా 16 మూడు చేతులుగా విడిపోయి పల్లెల మీదుగా 25 కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్నాయి. అందుకే ఈ టెలిస్కోపును ఒక చోట నిలబడి పూర్తిగా చూడడం కుదరదు. ఉల్లి చేను పక్కన ఒకటి, చెరకు తోట అవతల ఇంకొకటి కనిపిస్తాయి. ఆకాశంలో ఒకే బిందువు వైపు అన్నీ తలలు తిప్పుకుని ఉన్నప్పుడు మాత్రమే ఇవన్నీ ఒకే కుటుంబమని తెలుస్తుంది.

దగ్గరికెళ్లి చూస్తే ఈ డిష్‌లు ఆశ్చర్యపరుస్తాయి, ఎందుకంటే అవి దాదాపు ఖాళీగా ఉంటాయి. ఇనుప రేకులు లేవు. సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో అల్లిన వల ఉంటుంది. లాగి కట్టిన తాళ్లే ఆ వలకు గిన్నె ఆకారం ఇస్తాయి. నులక మంచం చూసిన కళ్లకు ఇది కొత్త కాదు. మీటరు పొడవు తరంగాలకు ఆ వల గట్టి అద్దంలా పనిచేస్తుంది, గాలి మాత్రం అందులోంచి దూరి వెళ్లిపోతుంది. గాలి తోపు తగ్గితే ఇనుము తగ్గుతుంది, ఇనుము తగ్గితే ఖర్చు తగ్గుతుంది. 1970 నాటికి ఊటీలో కొండవాలు మీద టెలిస్కోపు కట్టి చూపించిన గోవింద్ స్వరూప్ ఆలోచన ఇది. విదేశీ నమూనాను అరువు తెచ్చుకోకుండా మన జేబుకు తగినట్టు, మన కార్ఖానాల్లో తయారయ్యేట్టు గీసిన డిజైన్. టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్ దీన్ని నడుపుతోంది. 2001లో జాతికి అంకితమైంది. తర్వాత ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ మార్చి 2019 నాటికి దాదాపు కొత్త టెలిస్కోపునే చేశారు. స్వరూప్ 2020 సెప్టెంబరులో కన్నుమూశారు.

కొత్త పరికరాలతో ఖోడద్ వేటాడుతున్న వాటిలో ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లు ముఖ్యమైనవి. సెకనులో వెయ్యోవంతు, లేదా అంతకు కొన్ని రెట్ల సేపు వెలిగి ఆరిపోయే రేడియో మెరుపులివి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు 2001లో నమోదు చేసిన మెరుపు ఒకటి పాత రికార్డుల్లో పడి ఉండగా, 2007లో దాన్ని గుర్తించి ప్రకటించారు. కొన్నేళ్లపాటు సగం మంది నమ్మలేదు. ఇలాంటివి చాలావరకు ఒకసారి మెరిసి మళ్లీ కనిపించవు. కానీ కొన్ని మాత్రం మళ్లీ మళ్లీ మెరుస్తాయని 2016లో బయటపడింది. వేటగాళ్లకు పని సులువు చేసినవి ఇవే. ఒకసారి వచ్చి పోయేదాని కోసం ఎక్కడ కాపు కాయాలో తెలియదు. తిరిగి వచ్చేదాని గుమ్మం ముందు కూర్చోవచ్చు.

అలాంటి గుమ్మం ఒకటి సుమారు 48 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని పేరు ఎఫ్ఆర్‌బీ 20180916బి. కెనడాలోని చైమ్ టెలిస్కోపు దీన్ని కనిపెట్టింది, 2020లో దాని గుట్టు కూడా పట్టుకుంది. ఇది 16.35 రోజుల లెక్క ప్రకారం నడుచుకుంటుంది. కొన్ని రోజులు మేల్కొని ఉంటుంది, మిగతా రోజులు పడుకుంటుంది. మేల్కొనే రోజు తెలిశాక ఖోడద్ డిష్‌లు వరుసగా మూడు విడతలు, విడతకు సుమారు రెండు గంటలు, దానివైపే తిరిగి కూర్చున్నాయి. మొదటి విడతలో ఒక్క మెరుపూ రాలేదు. రెండో విడతలో 12, మూడో విడతలో 3. పంచాంగం చూసి ముహూర్తానికి వెళ్లినా పెళ్లివారు రాని సందర్భాలుంటాయన్నమాట. ఆ 15 మెరుపుల్లో కొన్ని చాలా నీరసమైనవి. ఖోడద్ చెవి ఎంత సన్నటిదో చెప్పడానికి అవి చాలు.

రేడియో మెరుపు దొరికింది సరే, అది ఎవరి పని? ఇక్కడే ఎక్స్-కిరణాల అవసరం వచ్చింది. రేడియో తరంగాల్లో ఉండే శక్తి మొత్తం సంఘటనలో చిన్న భాగమే కావచ్చన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. తలుపు సందులోంచి వచ్చే వెలుగు చూసి ఇంట్లో దీపం ఉందా, మంట ఉందా అని తేల్చడం కష్టం. అదే క్షణంలో ఎక్స్-కిరణాలు కూడా వచ్చాయా, వస్తే ఎంత వచ్చాయి అని తెలిస్తే లోపలి సంగతి సగం తెలిసినట్టే. మాగ్నెటార్ అనే మహా అయస్కాంత న్యూట్రాన్ నక్షత్రం పటపటలాడితే ఒక రకం లెక్క వస్తుంది. ఎగిసిన పదార్థం చుట్టూ ఉన్న ధూళిని గుద్దుకుని రేడియో పుట్టిస్తే మరో రకం లెక్క వస్తుంది, అప్పుడు ఎక్స్-కిరణాలు ధారాళంగా రావాలి.

ఆ జోడీ మన పాలపుంతలోనే మొదటిసారి స్పష్టంగా దొరికింది. 2020 ఏప్రిల్ 28న, భారత కాలమానం ప్రకారం రాత్రి ఎనిమిది దాటిన కొద్ది నిమిషాలకు, మన పాలపుంతలోనే ఉన్న ఎస్‌జీఆర్ 1935+2154 అనే మాగ్నెటార్ మెరిసింది. చైమ్‌తో పాటు అమెరికాలో బకెట్టంత యాంటెన్నాలతో నడిచిన స్టేర్2 కూడా ఆ రేడియో మెరుపును విన్నది. అదే సమయంలో యూరప్‌కు చెందిన ఇంటిగ్రల్, చైనాకు చెందిన ఇన్‌సైట్-హెచ్ఎక్స్ఎంటీ, రష్యా పరికరం కోనస్-విండ్, ఇటలీకి చెందిన ఎజైల్ ఎక్స్-కిరణాలను నమోదు చేశాయి. రేడియోలో రెండు పోట్లు, వాటి మధ్య 30 మిల్లీసెకన్లకు కాస్త తక్కువ విరామం. ఎక్స్-కిరణాల్లోనూ రెండు శిఖరాలు, దాదాపు అదే విరామం. ఇంతకంటే గట్టి సాక్ష్యం అడగడం అత్యాశ. ఆ సంఘటనలో ఎక్స్-కిరణాల శక్తి రేడియో శక్తికి సుమారు లక్ష రెట్లు.

అయితే అది ఇంటి పక్క సంగతి. దూరపు గెలాక్సీల్లో మళ్లీ మళ్లీ మెరిసేవాటి నుంచి ఇప్పటిదాకా ఒక్క ఎక్స్-కిరణపు జోడీ కూడా ఖాయంగా దొరకలేదు. కారణాల్లో ఒకటి విచిత్రమైన ఆలస్యం. గెలాక్సీల మధ్య ప్రదేశం మనం అనుకున్నంత ఖాళీ కాదు, అక్కడక్కడా ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. రేడియో తరంగాలను అవి వెనక్కి పట్టి లాగుతాయి. ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ లాగుడు ఎక్కువ. 20180916బి మెరుపు 750 మెగాహెర్ట్జ్ దగ్గర ముందు వినిపించి, 550కి దిగేసరికి ఇంకో రెండు సెకన్లకు పైగా పడుతుంది. ఎక్స్-కిరణాలకు ఈ బాధ లేదు. అవి పుట్టి ఉంటే 550 మెగాహెర్ట్జ్ రేడియో కంటే ఐదు సెకన్లకు కొంచెం తక్కువ ముందుగా భూమిని దాటిపోతాయి. 400 మెగాహెర్ట్జ్ దగ్గర వినేవారికి ఆ తేడా తొమ్మిది సెకన్లు. 48 కోట్ల సంవత్సరాల ప్రయాణం తర్వాత ఐదు సెకన్లు లెక్కలోవి కావు. కానీ మిల్లీసెకన్ల వ్యాపారంలో ఐదు సెకన్లంటే బండి వెళ్లిపోయిన తర్వాత స్టేషనుకు చేరినట్టే. ఖోడద్‌లో గంట మోగింది కదా అని ఉపగ్రహాన్ని అటు తిప్పడానికి వీల్లేదు. అది ముందే అటు చూస్తూ ఉండాలి, లేదా ఆకాశమంతటి మీదా ఒక కన్ను వేసి ఉంచాలి.

ఎక్స్-కిరణాలు వాతావరణాన్ని దాటి నేలకు దిగవు. కాబట్టి ఆ కన్ను భూమి మీద ఉండడానికి లేదు. భారత్ దగ్గరున్న కన్ను శ్రీహరికోట నుంచి వెళ్లింది. 2015 సెప్టెంబరు 28న పీఎస్ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్‌కు ఐదేళ్ల ఆయుష్షు అన్నారు. 2025 సెప్టెంబరు నాటికి అది పదేళ్లు నిండించుకుంది. దాని మీదున్న సీజెడ్‌టీఐ అనే పరికరానికి ఒక అదనపు గుణం ఉంది. ఎదురుగా ఉన్నదాన్నే కాదు, పక్కల నుంచి తన గోడల్ని తొలుచుకుని వచ్చే బలమైన ఎక్స్-కిరణాలను కూడా లెక్కపెట్టగలదు. భూమి అడ్డం వచ్చిన మేర పోను ఆకాశంలో 70 శాతం ఎప్పుడూ దాని కాపలాలోనే ఉంటుంది. కాబట్టి ఎవరు ఎక్కడ రేడియో మెరుపు పట్టుకున్నా, ఆ క్షణానికి ఆస్ట్రోశాట్ రికార్డు తిరగేస్తే చాలు. ఐఐటీ బొంబాయి కేంద్రంగా పనిచేసిన బృందం 41 మెరుపులకు ఇలా పాత రికార్డులు తిరగేసి 2020లో ఫలితం ప్రకటించింది. ఒక్కదానికీ జోడీ లేదు.

లేదన్న మాటకు ఇక్కడ కొలత ఉంటుంది. ఎక్స్-కిరణాలు రేడియో కంటే 10 కోట్ల నుంచి 1,000 కోట్ల రెట్ల శక్తితో వచ్చి ఉంటే ఆస్ట్రోశాట్ చూసి ఉండేది అని ఆ 41 సందర్భాల సారాంశం. పాలపుంత మాగ్నెటార్‌లో కనిపించిన నిష్పత్తి లక్ష రెట్లు మాత్రమే. అంటే అలాంటి మాగ్నెటార్లే ఈ మెరుపులన్నిటికీ కారణమైనా ఆస్ట్రోశాట్‌కు ఏమీ కనిపించకపోవడమే సహజం. వలలో పడనంత మాత్రాన చెరువులో చేపలు లేవని కాదు. వల కన్ను కంటే పెద్ద చేపలు మాత్రం లేవు.

తర్వాతి ప్రయత్నంలో ఖోడద్ నేరుగా పాలుపంచుకుంది. 2020 అక్టోబరు నుంచి 2021 ఆగస్టు దాకా, 20180916బి మేల్కొన్న ఎనిమిది విడతల్లో, ఖోడద్‌తో పాటు ఇటలీలోని సార్డీనియా డిష్, యూరప్‌లోని అనేక కాంతి టెలిస్కోపులు, నాలుగు ఉపగ్రహాలు ముందే మాట్లాడుకుని ఒకే చోటికి గురిపెట్టాయి. ఇంతమందికి తీరిక కుదర్చడం సామాన్యమైన పని కాదు. ఒక దేశంలో రాత్రయితే మరో దేశంలో పగలు, ఒకచోట మబ్బు, ఉపగ్రహానికి భూమి అడ్డం. ఆ సన్నాహానికి ఫలితంగా సార్డీనియాకు 14, ఖోడద్‌కు 7 మెరుపులు దక్కాయి. ఖోడద్‌కు వినిపించిన వాటిలో ఒకటి వచ్చిన సమయంలో కెనరీ దీవుల్లోని ఇటలీ టెలిస్కోపు అటే చూస్తోంది. దానికి మామూలు కాంతి కనిపించలేదు. సార్డీనియా పట్టిన వాటిలో ఒకదానికి హెచ్ఎక్స్ఎంటీ సాక్షిగా ఉంది. దానికీ ఎక్స్-కిరణాలు కనిపించలేదు. ఈసారి వల కన్ను బాగా చిన్నది. ఎక్స్-కిరణాల శక్తి రేడియోకు సుమారు కోటి రెట్లకు మించలేదని తేలింది. అంతకుముందు 2019 డిసెంబరులో అమెరికా ఉపగ్రహం చంద్ర ఇదే వస్తువును చూస్తుండగా చైమ్ ఒక మెరుపు పట్టుకుంది. మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఆ ఉపగ్రహానికీ ఏమీ చిక్కలేదు.

కోటి రెట్ల నుంచి లక్ష రెట్లకు దిగాలంటే పరికరాలు కాస్త మెరుగుపడితే సరిపోదా అనిపిస్తుంది. దూరం ఆ ఆశను చిదిమేస్తుంది. 2020 ఏప్రిల్ నాటి మాగ్నెటార్ దూరం సుమారు 30 వేల కాంతి సంవత్సరాలు. 20180916బి దానికి 16 వేల రెట్ల దూరంలో ఉంది. వెలుగు దూరపు వర్గానికి తగ్గట్టు సన్నబడుతుంది కాబట్టి అదే ఎక్స్-కిరణాల మెరుపు అక్కడ జరిగితే ఇక్కడికి 25 కోట్ల రెట్లు పలచబడి చేరుతుంది. నేటి ఉపగ్రహాల్లో దేనికీ అందులోంచి ఒక్క ఫోటాన్ కూడా చిక్కే అవకాశం లేదు. ఇంత స్పష్టంగా లెక్క తెలిసీ ఎందుకు చూస్తున్నారంటే, దూరపు మెరుపులన్నీ మన పాలపుంత మాగ్నెటార్ లాంటివే అని ఎవరూ హామీ ఇవ్వలేదు కాబట్టి. పైగా మాగ్నెటార్లు కూడా మాట నిలబెట్టుకునేవి కావు. చైనాలోని ఫాస్ట్ అనే మహా డిష్ అదే ఎస్‌జీఆర్ 1935+2154ను గమనిస్తుండగా అది 29 సార్లు ఎక్స్-కిరణాలు వెదజల్లింది. ఒక్కసారి కూడా రేడియో చప్పుడు లేదు.

ఇక అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన కేసు ఎం81 గెలాక్సీలోది. కేవలం 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. మళ్లీ మళ్లీ మెరిసేవాటిలో పాలపుంత బయట ఇంత దగ్గరిది మరొకటి తెలియదు. అది వెయ్యి కోట్ల ఏళ్ల వయసున్న ముసలి నక్షత్రాల గుంపులో ఉంది. పెద్ద నక్షత్రాలు పేలి పుట్టే మాగ్నెటార్లకు యవ్వనంలో ఉన్న గెలాక్సీలే పుట్టిల్లు. వృద్ధాశ్రమంలో పసిపిల్లాడి ఏడుపు వినిపించినట్టయింది శాస్త్రవేత్తలకు. రేడియో మెరుపులు వచ్చిన క్షణాల్లోనే ఎక్స్-కిరణాల కోసం దాన్ని జల్లెడ పట్టారు. ఏమీ రాలేదు. కానీ ఇక్కడ దూరం తక్కువ కాబట్టి ఆ శూన్యానికి విలువ ఎక్కువ. మాగ్నెటార్ల మహా విస్ఫోటాలు, మధ్యరకం విస్ఫోటాల్లో చాలా భాగం ఈ మెరుపులకు కారణం కాదని కొట్టేయగలిగారు. ఈ రంగంలో ఇప్పటివరకు సంపాదించిన జ్ఞానంలో ఎక్కువ భాగం ఇలా కొట్టేసిన జాబితాయే. పత్రికల్లో పతాక శీర్షికలకు అది పనికిరాదు. కానీ సిద్ధాంతాలు రాసేవారికి నిద్ర లేకుండా చేస్తోంది అదే.

ఈ జాబితాను పొడిగించే అదనపు బలం ఖోడద్‌కు 2024లో వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 26న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేసిన మూడు పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్లలో ఒకటి జీఎంఆర్‌టీ కోసమే, అదీ ముఖ్యంగా ఫాస్ట్ రేడియో బర్స్ట్‌ల వేట కోసమే. టెలిస్కోపు వేరే పని మీద ఉన్నప్పుడు కూడా పక్కనే కూర్చుని మెరుపులు ఏరుకోవడం దాని పని. మెరుపులు ఎక్కువ దొరికితే, దగ్గరివి దొరికే అవకాశం పెరుగుతుంది. దగ్గరివి దొరికితేనే ఎక్స్-కిరణాల జోడీ గురించి మాట్లాడడానికి అర్థం ఉంటుంది.

అందుకు ముందు ఖోడద్ చుట్టూ రేడియో నిశ్శబ్దం మిగలాలి. 1980లలో స్థలం వెతికినప్పుడు ఇక్కడి ఆకర్షణ అదే. పుణెకు మరీ దూరం కాదు, చుట్టూ కొండలు, పెద్ద ఫ్యాక్టరీలు లేవు. అప్పటికి మొబైల్ ఫోను అనే వస్తువు ఈ దేశంలో లేదు. ఇప్పుడు ప్రతి చేనుగట్టు మీదా ఉంది. కరెంటు తీగల మధ్య రేగే నిప్పురవ్వలు, టవర్లు, ఆకాశం నిండా ఉపగ్రహాలు, అన్నీ డిష్‌లలోకి దూరుతున్నాయి. మెరుపంటే సెకనులో వెయ్యోవంతు పాటు కనిపించే వెలుగు, నిప్పురవ్వా అంతే. రెంటినీ వేరు చేసేది ఫ్రీక్వెన్సీని బట్టి వచ్చే ఆ ఆలస్యం మాత్రమే. దూరం నుంచి వచ్చింది వంగి వస్తుంది, పక్క చేలోంచి వచ్చింది నిటారుగా వస్తుంది. కంప్యూటర్ల పనిలో పెద్ద భాగం ఈ రెంటినీ విడదీయడమే.

నిశ్శబ్దం ధర ఎవరు చెల్లించాలన్న ప్రశ్న రైలు రూపంలో వచ్చింది. పుణె, నాసిక్‌లను కలుపుతూ సుమారు 235 కిలోమీటర్ల సెమీ హైస్పీడ్ రైలు మార్గాన్ని చాకణ్, మంచర్, నారాయణగావ్, సంగమనేర్ మీదుగా వేయాలని ప్రతిపాదించారు. టమాటా, ఉల్లి, ద్రాక్ష పండించే ఈ ప్రాంతానికి రైలు అంటే చిన్న ఆశ కాదు. నారాయణగావ్‌లో ఇప్పటికీ రైలు కూత లేదు, సరుకంతా లారీల మీదే వెళుతుంది. కానీ కరెంటు రైలు పైతీగను రాసుకుంటూ పోయేటప్పుడు లేచే రవ్వలు, దాని సిగ్నళ్లు, రేడియోలు టెలిస్కోపు పక్కనుంచి పోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. జీఎంఆర్‌టీని కారణంగా చూపి ఆ మార్గాన్ని పక్కనబెట్టినట్టు రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2024 చివర్లో చెప్పారు. తర్వాత అహిల్యానగర్, శిర్డీల మీదుగా వెళ్లే మార్గం ముందుకొచ్చింది. జున్నర్ ప్రాంత ప్రజాప్రతినిధులు పాత మార్గమే కావాలని, టెలిస్కోపును తప్పించి పట్టాలు వేసే ఉపాయం చూడమని అడుగుతూ వచ్చారు. వారి వాదనలో న్యాయం లేదని కొట్టిపారేయడానికి లేదు. ఏ రైతూ 48 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని మెరుపు కోసం తన రైలును వదులుకుంటానని సంతకం పెట్టలేదు. అయితే రైలు మార్గాన్ని మార్చవచ్చు, 25 కిలోమీటర్ల మేర పాతుకున్న 30 డిష్‌లను ఎత్తుకుపోయి ఇంకోచోట పెట్టడం సాధ్యం కాదు. పెట్టినా అలాంటి చోటు ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఈ తగువు నడుస్తుండగానే ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి ఖోడద్ గేట్లు తెరుస్తారు. చుట్టుపక్కల పల్లెల బడుల నుంచి పిల్లలు బస్సుల్లో, జీపుల్లో వేల సంఖ్యలో దిగుతారు. డిష్ కింద నిలబడి పైకి చూస్తే వలలోంచి ఆకాశం కనిపిస్తుంది.